20 నానోసెకన్ల పల్స్‌కు స్పార్క్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఎందుకు?

ప్రశ్న:
పాలిష్ చేసిన రెండు ఇత్తడి గోళాలు, మధ్య ఎడం 2 మి.మీ., మామూలు గాలి. డీసీ ఇస్తే సుమారు 8 కిలోవోల్టులకే స్పార్క్ వస్తుంది. 20 కిలోవోల్టుల పల్స్‌ను 20 నానోసెకన్ల పాటు ఇస్తే మాత్రం కొన్నిసార్లు ఏమీ జరగదు. వచ్చినప్పుడు కూడా వోల్టేజి కూలే చోటు ఆసిలోస్కోప్ తెరపై ప్రతిసారీ మారుతోంది. సెకనుకు వంద పల్స్‌లు పంపితే ఈ తేడా చాలావరకు పోతోంది. గాలి పీడనం, ఎడం బట్టి ఎంత వోల్టేజికి స్పార్క్ వస్తుందో చెప్పే పాషెన్ సూత్రంతో దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు 1:
పాషెన్ సూత్రం నిలకడగా ఉన్న వోల్టేజికి. అందులో కాలానికి చోటు లేదు. మీ చిక్కంతా కాలంతోనే.

స్పార్క్‌కు ముందు కాథోడ్ (రుణ వోల్టేజి ఉన్న గోళం) దగ్గర ఒక స్వేచ్ఛా ఎలక్ట్రాన్ దొరకాలి. అది అణువులను ఢీకొంటూ దాదాపు పది కోట్ల ఎలక్ట్రాన్ల వెల్లువగా పెరిగి స్ట్రీమర్ (గ్యాప్‌లో దానంతటదే ముందుకు సాగే అయనీకరించిన సన్నని దారి) కావాలి. సెంటీమీటరుకు 100 కిలోవోల్టుల క్షేత్రంలో ఈ పెరుగుదలకు ఒకటి రెండు నానోసెకన్లు చాలు. కొరత ఆ మొదటి ఎలక్ట్రాన్‌కే. విశ్వకిరణాలు, నేలలోని రేడియోధార్మికత కలిసి ఘన సెంటీమీటరు గాలిలో సెకనుకు పుట్టించేవి పది అయాన్ జతలు, కాస్త అటూ ఇటూగా. మీ పల్స్ సెకనులో ఐదు కోట్లవ వంతు! కాబట్టి మీకు స్పార్క్ వచ్చినప్పుడు ఆ ఎలక్ట్రాన్ కాథోడ్ మీది సూక్ష్మమైన మొనల నుంచో, క్రితం స్పార్క్ మిగిల్చిన రుణ అయాన్ల నుంచో వచ్చి ఉండాలి. వంద పల్స్‌లతో నిలకడ రావడం చూస్తే నా అనుమానం అయాన్ల మీదే.

కాథోడ్ మీద క్వార్ట్జ్ పాదరస దీపం వెలుగు పడనివ్వండి; అందులోని అతినీలలోహిత కిరణాలు లోహం నుంచి ఎలక్ట్రాన్లను వెలికి తీస్తాయి. 1887లో హెర్ట్జ్ చూసినది ఇదే: ఒక స్పార్క్ వెలుగు పడితే పక్క గ్యాప్‌లో స్పార్క్ తేలిగ్గా వస్తుంది, మధ్యలో గాజు పెడితే ఆ ప్రభావం పోతుంది, క్వార్ట్జ్ పెడితే పోదు.

జవాబు 2:
కేబుల్‌లో సిగ్నల్ ప్రయాణానికి పట్టే ఆలస్యాన్ని విడిగా కొలిచి తీసేయండి, మీటరుకు సుమారు 5 నానోసెకన్లు. అది స్థిరం కాబట్టి ఈ చెదురుకు కారణం కాదు, కానీ పల్స్ మొదలయ్యాక స్పార్క్ వచ్చేదాకా పట్టే అసలు ఆలస్యాన్ని కప్పేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
దీపం పెట్టాను. సెకనుకు ఒక్క పల్స్ ఇచ్చినా కూలే చోటు దాదాపు ఒకేచోట నిలిచింది. గాజు పలక అడ్డం పెట్టగానే మళ్లీ చెదిరింది.

జవాబు 1:
చాలా సంతోషం! ఇప్పుడు ఆలస్యాలన్నీ నమోదు చేసి, ఒక్కో కాలానికి ఇంకా స్పార్క్ రాని పల్స్‌లు ఎన్నో లాగరిథమ్ స్కేలు మీద గీయండి. సరళరేఖ వస్తే దాని వాలు ఎలక్ట్రాన్లు దొరికే రేటు, అది దిగడం మొదలయ్యే చోటు వెల్లువ పెరగడానికి పట్టిన కాలం. దీపంతో వాలు మారాలి, మొదలు కదలకూడదు.