పెద్దాయన చెప్పిన మాటను ఆధారాల పట్టికలో రాయొచ్చా?

పలమనేరు విద్యార్థి:
నమస్తే అందరికీ. తిరుపతిలో బీఏ హిస్టరీ చదువుతా ఉండాను. ప్రాజెక్టుకు మా ఊరి చెరువు తీసుకున్నా. చెరువు నీళ్లు మడులకు వంతులేసి వదిలే మా నీరుగంటి తాత చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేసినా, మూడు గంటలుంది. దాన్ని ఆధారాల పట్టికలో రాస్తే మా సార్ కొట్టేసినారు. పుస్తకంలో ఉంటేనే రాయమంటా ఉండారు. పుస్తకాల్లో వెతికితే పాతకాలం చిత్తూరు జిల్లా గురించి ఏమీ దొరకలేదు. తాత మాట ఆధారం కాదా? మీరేమంటారు?

శాసనాల అభిమాని:
మీ సార్ చెప్పింది సరే తమ్ముడూ. మన వైపు ఏ ఊరికి పోయినా చెరువు తవ్వించింది కృష్ణదేవరాయలే అంటారు. రాయలు తిరుమలకు 7 సార్లు వచ్చాడని, మొదటిసారి 1513 ఫిబ్రవరి 10న వచ్చాడని శాసనాల వల్ల తెలిసింది, ఊరి మాట వల్ల కాదు. రాతి మీద చెక్కినదానికే తేదీ తేల్చడం కష్టం. పల్లవ రాణి సామవాయి తిరుమల గుడికి వెండి భోగశ్రీనివాసమూర్తి విగ్రహాన్ని సమర్పించిన సంవత్సరం ఒకచోట 614 అని, ఇంకోచోట 966 అని కనిపిస్తుంది. అలాంటిది మనిషి జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్ముతావు? ముందు దేవస్థానం అచ్చేసిన శాసన సంపుటాలు తిరగెయ్. విజయనగర కాలంలో భక్తులిచ్చిన డబ్బును ఆలయం తన ఊళ్లలో చెరువులకు, కాలవలకు పెట్టి, పెరిగిన పంటతో నైవేద్యాలు జరిపింది. ఆ ఏర్పాట్లు అందులో ఉన్నాయి. ఎక్కువ శాసనాలు తమిళమే, తెలిసినవాళ్లను తోడు పెట్టుకో.

మదనపల్లె అక్క:
అన్నా, శాసనంలో డబ్బిచ్చినాయన పేరుంటుంది. అర్ధరాత్రి కట్ట మీదికి పోయి తూము ఎత్తినోళ్ల పేరు ఉండదు. చెరువు నిండి మొరవ పారినప్పుడు ఎవరి మడికి ముందు నీళ్లు, కరువులో ఎవరి వంతు తగ్గించేది, ఇదంతా నీరుగంటికే తెలుసు. మా నాయనా అదే పని చేసినాడు. ఆయన పోయినాక అడగాలనిపించింది, చెప్పేవాళ్లు లేరు. తాత ఉండంగానే అంతా రాసుకో తమ్ముడూ.

శాసనాల అభిమాని:
రాసుకోవద్దనలేదక్కా. ఐదు వందల ఏళ్ల కిందటి సంగతికి ఎనభై ఏళ్ల మనిషి సాక్షి ఎట్లవుతాడు?

చంద్రగిరి మాస్టారు:
బాబూ, నీకు ఎందుకు దొరకలేదో ముందు చెబుతా. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. 1881లో కాక్స్ రాసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ చూడు.

ఇక తాత మాట. అంతా ఒకే మూట కట్టొద్దు. ఆయన తన చేత్తో చేసింది, కళ్లారా చూసింది ఒక కాగితం. వాళ్ల నాయన చెప్పగా విన్నది ఇంకో కాగితం. రాయల కథ మూడోది. ప్రతి కాగితం పైన ఎవరు, ఏ రోజు, ఎక్కడ చెప్పారు, రికార్డింగులో ఎన్నో నిమిషం అని వెయ్యి. నీ అభిప్రాయం వెనకవైపు రాసుకో. చిన్నప్పుడు నేను రెండూ కలిపేసి, ఏది పెద్దాయన మాటో ఏది నాదో తేలక ఒక నోటుపుస్తకం మొత్తం వదులుకున్నా.

తేదీలు ఎట్లుంటే అట్లే దించుకో. శక సంవత్సరానికి 78 కలిపి ఇంగ్లీషు సంవత్సరం రాసుకుని అసలుది పారేస్తారు పిల్లలు. రాయలు మొదట వచ్చింది శక 1434లో. 78 కలిపితే 1512. కానీ అది ఉగాదికి ముందొచ్చే ఫిబ్రవరి, కాబట్టి 1513. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అనే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలపాలి.

ఇంకొకటి. తాత 'దశబంధం' అనే మాట వాడినాడా?

పలమనేరు విద్యార్థి:
వాడినాడు సార్! 'దశబంధం చేను' అని రెండు మూడు సార్లు అన్నాడు. చేని పేరేమో అనుకుని రాసుకోనే లేదు.

చంద్రగిరి మాస్టారు:
చెరువు కట్టించినవాళ్లకి, దాని మరమ్మతు చూసేవాళ్లకి ఇచ్చిన మాన్యం నాయనా అది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం (అంటే మాన్యం) కమిషన్ వేసి ఊరూరా మాన్యాలను రిజిస్టర్లకెక్కించింది. ఎవరిచ్చారు, ఎవరికి, దేనికి అన్నది వాటిలో రాశారు. కాలేజీ లెటరు తీసుకుపోయి, మీ ఊరి ఇనాం రిజిస్టరు కోసం కలెక్టరేట్ రికార్డు రూములో అడుగు.

శాసనాల అభిమాని:
రిజిస్టరులో ఆ చేను కనబడితే తాత మాటను ఆధారాల్లో చేర్చడానికి నాకు అభ్యంతరం లేదు మాస్టారూ. కనబడకపోతే వేరే శీర్షిక కింద ఉండాలి.

మదనపల్లె అక్క:
మాన్యం సంగతికి అట్లే కానీ అన్నా. నీళ్ల వంతులు తాత చేసిన పని. దానికి రిజిస్టరు ఒప్పుకోవాల్సిన పని లేదు.

పలమనేరు విద్యార్థి:
సోమవారం చిత్తూరుకు పోతా ఉండా. ఆదివారం మళ్లీ తాత దగ్గరికి. ఆ చేను యాడుందో నడిచి చూపిస్తానన్నాడు.