మావయ్య తెచ్చిన రాతి పేడపురుగు.. ఇది పాతదేనా?

సోంపేట కుర్రోడు:
మా మావయ్య ఓడల్లో ఫిట్టర్‌గా చేసేవాడు, 1994లో సూయెజ్ కాలువ దాటేటప్పుడు ఓడెక్కి సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర ఒక రాతి పురుగు కొన్నాడు, బొటనవేలంత ఉంటది, కింద బల్లపరుపుగా ఏవో గుర్తులు చెక్కున్నాయి. మావయ్య పోయాక అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. మా పెద్దమ్మేమో పేడపురుగు దేవుడి దగ్గరేటే అని తీసి డబ్బాలో పడేసింది. అసలు ఇదేటి? ఎవరైనా చెప్పండి ప్లీజ్.

విజయనగరం మాస్టారు:
బాబూ ముందు దాన్ని చింతపండు పెట్టి తోమొద్దు. దీన్ని స్కారబ్ అంటారు, ఈజిప్టు వాళ్ళ తాయెత్తు. మన పొలాల్లో పేడ ఉండ దొర్లించుకుపోయే పురుగు ఉంటది కదా, వాళ్ళకది సూర్యుణ్ణి ఆకాశంలో దొర్లించే దేవుడిలా కనపడింది, ఉండలోంచి పిల్లపురుగులు బయటికి రావడం చూసి తనంతట తానే పుట్టిందనుకున్నారు. ఆ దేవుడి పేరు ఖెప్రి, ఉదయించే సూర్యుడన్నమాట. ఎక్కువగా బలపం రాయితోనే చెక్కేవాళ్ళు, అది మెత్తన, చెక్కాక గ్లేజు పూసి కాలిస్తే గట్టిపడేది. పొడుగునా బెజ్జం ఉందా? కింద గుర్తులెలా ఉన్నాయి?

సోంపేట కుర్రోడు:
బెజ్జం ఉందండి కానీ సగం దాకే. కింది బల్లపరుపు వైపు పై భాగంలో ఒక గుండ్రం, మధ్యలో దువ్వెన లాంటిది, దాని కింద మళ్ళీ చిన్న పురుగు.

విజయనగరం మాస్టారు:
అది మెన్‌ఖెపర్రె, మూడో తుత్‌మోస్ రాజు పట్టాభిషేకం పేరు. గుండ్రం సూర్యుడు. ఆయన పోయిన కొన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా రక్షగా ఉంటదని ఆ పేరుతో ఈజిప్టు వాళ్ళే చేసుకున్నారు, ఇప్పుడు టూరిస్టులకి చేసేవాళ్ళూ అదే చెక్కుతారు. పాత చిన్న స్కారబ్‌లకి మామూలుగా బెజ్జం ఈ చివర నుంచి ఆ చివరికి ఉంటది, దారానికో ఉంగరం తీగకో. సగంలో ఆగిందంటే నాకైతే బజారు సరుకే అనిపిస్తంది, ఫొటోలు ఏదైనా మ్యూజియం వాళ్ళకి చూపించు.

పలాస అక్క:
శవాల గుండె మీద పెట్టేవి కూడా ఉండేవి తమ్ముడూ, కాస్త పెద్దవి, పచ్చరాయివి. పైలోకంలో తూకమేసేటప్పుడు గుండె తన మనిషి మీదే సాక్ష్యం చెప్పకూడదని వాటి మీద మంత్రం చెక్కేవాళ్ళు. నీది అది కాదులే, అమ్మని భయపడొద్దను.

సోంపేట కుర్రోడు:
థాంక్స్ అండి అందరికీ. పెద్దమ్మకి సూర్యుడి సంగతి మొత్తం చదివి వినిపించాను, అయితే మన అరసవల్లి సూర్నారాయణుడేనేటి అని ఆవిడే డబ్బాలోంచి తీసి మళ్ళీ గూట్లో పెట్టింది, మావయ్య ఫొటో పక్కన.