లావు సెల్లుల రేడియోలో పెన్సిల్ సెల్లులు వాడవచ్చునా?

పలాస శ్రోత:
మా నాన్నగారి రేడియోకు టార్చిలైటులో వేసే లావు సెల్లులు మూడు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు వార్తలు దానిలోనే విన్నాము కనుక, దానిని మూలన పెట్టడానికి ఆయన ఒప్పుకోరు. రీఛార్జి చేసుకునే లావు సెల్లులు ఇక్కడి దుకాణాలలో దొరకలేదు. పెన్సిల్ సెల్లును ప్లాస్టిక్ తొడుగులో పెట్టి వాడితే వోల్టేజి చాలుతుందా?

బొబ్బిలి రేడియో:
చాలుతుందండీ. రీఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు సన్నదైనా లావుదైనా 1.2 వోల్టులే. మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులతో మొదలైనా, సగం వాడేసరికి ఇంచుమించు 1.2కే దిగివస్తుంది, నికెల్ సెల్లు మాత్రం దాదాపు చివరిదాకా అక్కడే నిలబడుతుంది. తేడా అంతా నిలవలోనే ఉంది: పెన్సిల్ సెల్లులో సుమారు 2000 మిల్లీ ఆంపియర్ అవర్లు, అసలైన లావు సెల్లులో 8000కు పైగా ఉంటాయి. రేడియో 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే పెన్సిల్ సెల్లులు 40 గంటలు వస్తాయి. క్యాసెట్ మోటారు కూడా తిప్పే టూ ఇన్ వన్‌కు మాత్రం నేను వీటిని సిఫారసు చేయను.

శ్రీకాకుళం మెకానిక్:
లావు సెల్లు అని అమ్మే వాటిలో కొన్నింటి లోపల ఉండేది పెన్సిల్ సెల్లే. పైన 2500 అని రాసి ఉండి, చేతికి తేలికగా తగిలితే అనుమానించండి. తొడుగులు కొన్నా మూడింటిలోనూ ఒకే రకం సెల్లులు వేయండి. రెండు పెన్సిల్ సెల్లులకు ఒక లావు సెల్లు జత చేస్తే, చిన్నవి ముందుగా ఖాళీ అయిపోయాక పెద్దది వాటిగుండా కరెంటును నెడుతూనే ఉంటుంది. అప్పుడు వాటి ధ్రువాలు తారుమారై సెల్లులు పాడవుతాయి.

పలాస శ్రోత:
ధన్యవాదాలు. యూఎస్‌బీతో ఛార్జి అయ్యే 1.5 వోల్టుల లిథియం పెన్సిల్ సెల్లులు మేలంటారా?

బొబ్బిలి రేడియో:
టార్చికైతే సరే, మీ రేడియోకు వద్దు. వాటి లోపల 3.7 వోల్టులను 1.5కు తగ్గించే సర్క్యూటు మీడియం వేవ్‌లో గరగర పుట్టించే అవకాశం ఉంది. అదే కొలతలో 14500 అని రాసి ఉండే సెల్లులు ఇంకా ప్రమాదం: ఒక్కొక్కటి 3.7 వోల్టులు కాబట్టి మూడు కలిస్తే 11 దాటి సెట్టు కాలిపోవచ్చు. ఛార్జరు కొనేటప్పుడు ఒక్కొక్క సెల్లునూ విడిగా ఛార్జి చేసేదే అడగండి. జతలుగా చేసే వాటిలో మీ మూడో సెల్లు ఛార్జి కాదు.