ఆంటిగొనీది మనస్సాక్షేనా? క్రియోన్ తప్పు శాసనంలో ఉందా, మొండితనంలోనా?

ఎర్రట్ట పుస్తకం:
మా అమ్మాయికి డిగ్రీలో ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ 'ఆంటిగొనీ' పాఠం. నిన్న రాత్రి గైడు ముందేసుకుని బట్టీ పడుతోంది: 'ఆంటిగొనీ మనస్సాక్షికి ప్రతీక, క్రియోన్ నియంతృత్వానికి ప్రతీక.' మార్కులకు అది చాలేమో. నాకే మనసాగక నాటకం మళ్లీ చదివాను. క్రియోన్‌కి మనం అన్యాయం చేస్తున్నాం అనిపించింది.

కథ తెలియనివాళ్లకు నాలుగు ముక్కల్లో. గ్రీకు నగరం థీబ్స్ గద్దె కోసం, ఒకప్పటి రాజు ఈడిపస్ కొడుకులిద్దరూ కొట్టుకుని ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. ఎటియోక్లిస్ ఊరి తరఫున నిలబడ్డాడు. పోలినైకిస్ పరాయి సైన్యాన్ని వెంటబెట్టుకుని సొంత ఊరి మీదకే వచ్చాడు. గద్దెనెక్కిన మేనమామ క్రియోన్ చాటింపు వేయించాడు: మొదటివాడికి సకల లాంఛనాలతో అంత్యక్రియలు, రెండోవాడి శవం కుక్కలకీ పక్షులకీ. కాదని పూడ్చినవాళ్లకి చావే. తోబుట్టువు ఆంటిగొనీ వెళ్లి ఆ శవం మీద మట్టి చల్లింది.

ముట్టడి తప్పి ఒక్క రాత్రే అయింది. ఊరు తగలబెట్టడానికి వచ్చినవాడికీ, ఊరి కోసం చచ్చినవాడికీ ఒకటే మర్యాదంటే జనం ఏమనుకుంటారు? దేశం అనే ఓడ నిటారుగా నడిస్తేనే స్నేహితులైనా చుట్టాలైనా అంటాడు క్రియోన్ మొదటి ప్రసంగంలో. ఏథెన్స్ వాళ్లకి ఇది విలన్ డైలాగులా వినిపించలేదు. క్రీ.పూ. 343లో ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ కోర్టులో తన ప్రత్యర్థి ఈస్కినిస్ మీద వాదిస్తూ ఈ ప్రసంగాన్నే చదివించాడు. ఈస్కినిస్ ఒకప్పుడు నటుడు, క్రియోన్ వేషం కట్టినవాడు. అన్నిసార్లు పలికిన మాటలు మాసిడోనియా రాజు ఫిలిప్ దగ్గరికి రాయబారానికి వెళ్లినప్పుడు గుర్తు రాలేదా అని డెమోస్తనీస్ దెప్పాడు.

క్రియోన్ కుర్చీలో మీరుంటే ఏం చేసేవారో చెప్పండి. ఆంటిగొనీ పక్కన నిలబడటం మనందరికీ సులువే.

రెండో బల్ల:
ఎర్రట్ట గారూ, డెమోస్తనీస్ ఎక్కడ ఆపాడో చూశారా? ఓడ మాట దాకా చదివించాడు, సరిగ్గా శవం సంగతి మొదలయ్యే ముందు ఆపేశాడు. సూత్రం ఆయనకి పనికొచ్చింది, శాసనం పనికిరాలేదు. మీరు రెండూ కలిపేస్తున్నారు.

ద్రోహిని సొంత మట్టిలో పాతకూడదనే చట్టం ఏథెన్స్‌లోనూ ఉండేది. ద్రోహి ముద్ర పడిన ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లిస్ పరాయి గడ్డ మెగ్నీషియాలో పోతే, చుట్టాలు ఎముకలు తెచ్చి ఏథెన్స్ ప్రాంతమైన అటికాలో రహస్యంగా పాతారని చెప్పుకునేవాళ్లట. చరిత్రకారుడు థూసిడిడిస్ రాశాడు. కానీ ఆ చట్టం అన్నది 'మా మట్టిలో వద్దు' అని. 'ఏ మట్టిలోనూ వద్దు' అని కాదు. క్రియోన్ ఆ శవాన్ని పొలిమేర దాటించి ఉంటే అసలు నాటకమే లేదు. అలా చేయకుండా అక్కడే ఉంచి, మట్టి పడకుండా కాపలా పెట్టాడు. చచ్చినవాడి నుంచి ఊరికి ఏం ప్రమాదమండీ?

ఇంకోటి. నాటకం మొదట్లోనే ఆంటిగొనీ దీన్ని 'సేనాపతి' చాటింపు అంటుంది. సభలో చర్చించి చేసిన చట్టం కాదు. ఏథెన్స్ చేసిన సమోస్ యుద్ధంలో సోఫోక్లిస్ కూడా సేనాపతిగా ఎన్నికైనవాడే. క్రియోన్ కొడుకు, ఆంటిగొనీకి కాబోయే భర్త హైమోన్ తండ్రి ముఖం మీదే అంటాడు, ఒక్క మనిషి సొత్తయితే అది ఊరే కాదని. ఊళ్లో జనం చాటుమాటుగా ఆ పిల్ల కోసం ఏడుస్తున్నారని కూడా చెబుతాడు.

చద్దన్నం:
'మరణాంతాని వైరాణి' అని రాముడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. రావణుడికి కర్మ చేయమని విభీషణుడితో అన్నాడు. దీనికింత చర్చా?

ఊరి చివర ఇల్లు:
చద్దన్నం గారూ, అక్కడ గెలిచినవాడే ఆ మాట అన్నాడు కాబట్టి గొడవ లేదు. సోఫోక్లిస్ 'ఎజాక్స్'లోనూ అంతే. పగవాడైన ఒడీసియస్ వచ్చి, సైన్యాధిపతి అగమెమ్నాన్‌ని ఒప్పించి ఎజాక్స్‌కి అంత్యక్రియలు జరిగేలా చేస్తాడు. థీబ్స్‌లో అలా నచ్చజెప్పే మనిషి హైమోన్ ఉన్నాడు. వినే నాథుడే లేడు.

నా పేచీ మాత్రం మనస్సాక్షి అన్న మాటతో. దేవతల రాయని చట్టాల గురించి ఆంటిగొనీ చెప్పింది అందరూ ఎత్తి రాస్తారు. ఆ చట్టాలు నిన్నటివి కావు, ఎప్పుడు పుట్టాయో ఎవరికీ తెలియదంటుంది. సరే. చావుకి నడిచే ముందు అన్నది ఎందుకు వదిలేస్తారు? భర్త శవమో బిడ్డ శవమో అయితే ఊరికి ఎదురెళ్లేదాన్ని కాదంటుంది. భర్త పోతే ఇంకొకడు దొరుకుతాడు, బిడ్డ పోతే ఇంకో బిడ్డ పుడుతుంది, అమ్మానాన్నలు పోయాక తోబుట్టువు ఎక్కడి నుంచి వస్తాడని లెక్క చెబుతుంది. దేవతల చట్టం భర్త శవానికి వర్తించదా?

ఈ లెక్క జర్మన్ కవి గథేకి ఎంత నచ్చలేదంటే, ఎవరైనా పండితుడు ఇవి సోఫోక్లిస్ రాతలు కావని నిరూపిస్తే బాగుండునని 1827లో అన్నాడు. కానీ అరిస్టాటిల్ నాటికే ఆ మాటలు నాటకంలో ఉన్నాయి, ఆయన ఉదహరించాడు. చరిత్రకారుడు హెరోడోటస్ రాతల్లో, కుటుంబమంతటికీ చావు విధించిన పర్షియా రాజు డారియస్ ముందు ఇంటాఫెర్నిస్ భార్య కూడా ఇదే లెక్క చెప్పి అన్నని బతికించుకుంటుంది. కాకపోతే ఆవిడ బతికున్న అన్న కోసం చెప్పింది, ఈవిడ చచ్చినవాడి కోసం. బతికున్న చెల్లెలు ఇస్మీనీ 'నీతోపాటు నేనూ చస్తాను' అని వస్తే విదిలించి కొట్టింది. నాకు ఇందులో కనబడేది రక్తసంబంధం, పౌరుషం. మనస్సాక్షి అంటే అందరికీ ఒకేలా వర్తించే నీతి అనుకుంటాను.

లంకె బిందె:
మీ నిర్వచనమే తేడాగా ఉంది. మనస్సాక్షి ఎప్పుడూ న్యాయశాస్త్రంలా మాట్లాడుతుందా? చావు ఎదురుగా నిలబడ్డ పిల్ల తన పనికి తనే కారణం వెతుక్కుంటోంది. కోరస్‌లోని పెద్దలు ఆ ఘట్టంలోనే ఆమెని 'తన చట్టం తనదే అయిన మనిషి' అంటారు. వాళ్ల భాషలో ఆ మాట మామూలుగా స్వతంత్ర నగరాలకు వాడేది. ఒక ఆడపిల్లకి వాడారు. అది పొగడ్తో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తేలలేదు.

నాకు ఈ నాటకంలో మనస్సాక్షి బాగా దగ్గరగా కనిపించింది ఎవరూ పట్టించుకోని కాపలావాడిలో. శవం మీద మట్టి పడిందని రాజుకి ఎవరు చెప్పాలో చీట్లు వేసుకుంటారు, ఖర్మకాలి వీడికి పడుతుంది. దారిలో నాలుగడుగులు ముందుకి, రెండు వెనక్కి. తిరిగొచ్చాక ఆ మట్టంతా ఊడ్చేస్తారు. కుళ్లుతున్న ఒళ్లు తేలుతుంది. కంపు భరించలేక గాలి వాటం చూసుకుని దిబ్బ మీద కూర్చుంటారు. మిట్టమధ్యాహ్నం సుడిగాలి లేచి ఏమీ కనబడదు, కళ్లు మూసుకుంటారు. తెరిచేసరికి అదిగో పిల్ల. ఖాళీ గూడు చూసిన పిట్టలా కీచుమని ఏడుస్తోంది. దోసిళ్లతో మట్టి తెచ్చి పోస్తోంది, కంచు చెంబుతో మూడుసార్లు ధార వదులుతోంది. పట్టుకుంటే బెదరలేదు, కాదనలేదు.

అప్పుడు కాపలావాడు అంటాడు, సంతోషమూ బాధా రెండూ కలిగాయని. తాను గండం తప్పించుకోవడం హాయి, అయినవాళ్లని గండంలోకి లాక్కురావడం బాధ. కానీ నా ప్రాణం తర్వాతే ఇవన్నీ అని చేతులు దులుపుకుంటాడు. ఉద్యోగం చేసే మనలో ఎక్కువమంది ఆంటిగొనీలమూ కాదు, క్రియోన్లమూ కాదు. ఈ కాపలావాడిలాంటి వాళ్లమే.

ఎర్రట్ట పుస్తకం:
రెండో బల్ల గారి పొలిమేర మాటకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. శాసనం ఉండొచ్చు, ఆ శాసనం కాదు.

క్రియోన్ గురించి ఇంకొకటి ఇప్పుడే పట్టుబడింది. చాటింపులో శిక్ష ఊరి నడుమ రాళ్లతో కొట్టి చంపడం. మేనకోడలి దగ్గరికొచ్చేసరికి మార్చేశాడు: కాస్త తిండి పెట్టి, బతికుండగానే గుహలో మూసేయమన్నాడు. ఊరికి పాపం అంటకూడదని సాకు. హైమోన్ చెప్పినట్టు జనం ఆమె వైపుంటే, ఆ రాళ్లు విసిరేదెవరు? ఆ టెన్షన్ ఉండే ఉంటుంది.

జోస్యుడు టైరీసియస్ భయపెట్టాక పెద్దలు స్పష్టంగానే చెప్పారు: ముందు పిల్లని బయటికి తీయి, తర్వాత శవానికి గోరీ కట్టు. క్రియోన్ తిప్పి చేశాడు. ముందు కుక్కలు పీకిన శవాన్ని కడిగి, దహనం చేసి, మట్టి దిబ్బ పోయించి, ఆ తర్వాత గుహకెళ్లాడు. అప్పటికే ఆంటిగొనీ ఉరేసుకుంది. హైమోన్ తండ్రి కళ్లముందే కత్తి పొడుచుకున్నాడు. ఇంటికెళితే భార్య శవం. ఇందులో ఊరి చివర ఇల్లు గారు ఏమంటారో వినాలనుంది, ఎందుకంటే బతికున్నవాళ్ల కంటే చచ్చినవాడి లెక్క ముందు చూసింది ఇక్కడ క్రియోనే.

కాపలావాడి భాగం మా అమ్మాయికి చదివి వినిపించాను. శ్రద్ధగానే వింది. "వాడి మీద క్వశ్చన్ రాదు నాన్నా, వదిలెయ్" అని గైడు తిరగేసింది.