జపాన్‌లో సముద్రపు పల్లెకి బస్సులోనే వెళ్లాలని ఉంది, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కావలి కండక్టర్:

అందరికీ నమస్కారం. మాది కావలి. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు ఒసాకాలో ఉంటారు. అక్టోబరు నెలాఖరులో నేనూ మా ఆవిడా వాళ్ల దగ్గరికి వెళ్తున్నాం, మూడు వారాలు ఉంటాం.

ఏ రోజు ఏం చూడాలో అమ్మాయి ఇప్పటికే రాసిపెట్టింది. గుళ్లు, కోటలు, పెద్ద పెద్ద బజార్లు. అవన్నీ చూస్తాను, కాదనను. కానీ నాకంటూ ఒక కోరిక ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెకి, ఆ ఊరి జనం ఎక్కే బస్సులోనే వెళ్లి, ఒక రాత్రి ఉండి రావాలి. ఇనె అనే ఊరి ఫొటో చూశాను. ఇళ్లు నీళ్లలోనే నిలబడి ఉన్నాయి, ఇంటి కింద పడవ. అప్పటి నుంచి ఆ ఊరే కళ్ల ముందు తిరుగుతోంది.

అమ్మాయేమో "నాన్నా, అక్కడ బస్సు గంటకొకటే, కారు తీసుకుందాం" అంటుంది. గంటకో బస్సంటే తక్కువా? నేను తుమ్మలపెంట ట్రిప్పు చేసిన రోజుల్లో పొద్దున బస్సు తప్పితే చేపల బుట్టల ఆడవాళ్లు ఎండలో ఎంతసేపు కూర్చునేవాళ్లో నాకు తెలుసు. బస్సు కోసం కూర్చుంటేనే ఒక ఊరు ఎలా బతుకుతుందో కనపడుతుంది. కారులో పోతే ఫొటోలు తప్ప ఏమీ మిగలదు.

కండక్టర్ లేని బస్సులో టికెట్ ఎలా తీసుకోవాలి? మాకు భాష రాదు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, చేపా మాంసం ముట్టదు. ఒక్క రాత్రి సరిపోతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఒంగోలు అబ్బాయి:

బాబాయ్ గారూ, మాది ఒంగోలు. క్యోటోలో ఆరేళ్లు ఉన్నాను. ఇనెకి నాలుగు సార్లు వెళ్లాను, నాలుగు సార్లూ బస్సులోనే. కారు వద్దన్న మీ మాటే కరెక్టు. అక్కడ రోడ్డు సన్నం, పక్కనే కొండ, కారు పెట్టుకునే చోటు తక్కువ.

ఒసాకా నుంచి క్యోటోకి అరగంట. క్యోటోలో హషిదాతె ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటల పైచిలుకులో అమనొహషిదాతె స్టేషన్. ఒక్క జాగ్రత్త తీసుకోండి. చాలాసార్లు ఆ బండికే మైజురు అనే వేరే ఊరికి పోయే పెట్టెలు కూడా తగిలించి ఉంటాయి. అయాబె స్టేషన్లో రెండూ విడిపోతాయి. మన గూడూరులో తిరుపతి లైను, చెన్నై లైను చీలిపోతాయి చూడండి, అలా. అక్కడ బండే రెండు ముక్కలవుతుంది, కాబట్టి ఎక్కేముందే పెట్టె నంబరు చూసుకోండి.

బస్సులో టికెట్ సంగతి మీకు చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే అనుకోండి. ఎక్కగానే తలుపు దగ్గరున్న మెషిన్ నుంచి చిన్న చీటీ వస్తుంది, దాని మీద ఒక నంబరు. మీరు ఏ స్టేజీలో ఎక్కారో చెప్పేది ఆ నంబరే. డ్రైవర్ నెత్తి మీద బోర్డులో నంబర్లు వరసగా ఉంటాయి, ఒక్కోదాని కింద ఛార్జీ. దిగేటప్పుడు మీ నంబరు కింద ఎంత ఉంటే అంత, చీటీతో సహా డ్రైవర్ పక్కనున్న డబ్బాలో వేసి దిగిపోవడమే. డబ్బా తిరిగి చిల్లరివ్వదు. వెయ్యి యెన్ల నోటు మార్చుకునే మెషిన్ పక్కనే ఉంటుంది, అందులో పదివేల నోటు పట్టదు. ఒసాకాలో అన్నిచోట్లా పనిచేసే కార్డు మీద పల్లెల్లో ఆశ పెట్టుకోకండి, నాణేలు దగ్గరుంచుకోండి. నేను చివరిసారి వెళ్లినప్పుడు అమనొహషిదాతె నుంచి ఇనెకి గంట ప్రయాణం, 400 యెన్లు. మన లెక్కలో రెండొందల పైచిలుకు.

మొదటి రోజు పొద్దున అమనొహషిదాతెలో సముద్రం మధ్య ఉన్న ఇసుక కట్ట చూసి, మధ్యాహ్నం బస్సుకి ఇనె చేరండి. చాలామంది పగలు చూసి సాయంత్రానికి వెళ్లిపోతారు. పొద్దు గూకాక, మళ్లీ తెల్లారుజామున ఊరు ఊరివాళ్లదిగా ఉంటుంది. అందుకే రాత్రి అక్కడే ఉండాలి. నవంబరు మొదట్లో ఐదింటికే చీకటి పడుతుంది, సాయంత్రం బస్సులు కూడా తొందరగా అయిపోతాయి. నవంబరు 6 నుంచి అక్కడ పీతల వేట మొదలవుతుంది, ఆ తర్వాత గదుల రేట్లు పెరుగుతాయి. వీలైతే దానికి ముందే వెళ్లిరండి.

తిరుగు ప్రయాణంలో రైలుకి అందే ఆఖరి బస్సు ఎక్కకండి, దానికి ముందు బస్సు ఎక్కండి. ఇదొక్కటి మాత్రం నా మాట వినండి. బస్టాప్ స్తంభం మీద టైములు రాసి ఉంటాయి, మామూలు రోజులకి వేరు, శని ఆదివారాలకి వేరు. రెండూ ఫోన్లో ఫొటో తీసుకోండి.

గొడుగు తప్పకుండా పెట్టుకోండి. అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోవద్దని ఆ ఒడ్డున సామెతే ఉంది.

నెల్లూరు కోడలు:

అన్నయ్య గారూ, నేను మా అత్తగారితో వెళ్లాను, ఆవిడా శాకాహారే. చేప కనపడకపోతే సరిపోదు. వాళ్ల చారులో, కూరలో, సోయా పులుసులో ఎండు చేప తురుము కాచిన నీళ్లు ఉంటాయి. అందుకని భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోండి. దాన్ని సుదొమారి అంటారు, బుక్ చేసేటప్పుడు అమ్మాయిని ఆ మాట రాయమనండి. అన్నం ముద్దల్లో ఉమె అని ఉన్నది తీసుకోండి. ఉప్పులో ఊరేసిన పుల్లటి కాయ, మన ఊరగాయ రుచికి దగ్గరగా ఉంటుంది. పల్లెలో కొట్లు తక్కువ, రాత్రికి కావాల్సింది అమనొహషిదాతెలోనే కొనుక్కోండి. మేం చింతపండు పులిహోర, కందిపొడి పట్టుకెళ్లాం, ఏ ఇబ్బందీ పడలేదు.

మోకాళ్ల సంగతి. పల్లె వసతుల్లో పడక నేల మీదే. లేవడం కష్టం. మంచం ఉన్న గది దొరుకుతుందేమో ముందే అడగండి. అమనొహషిదాతెలో కొండ మీదికి తీగకి వేలాడే కుర్చీలు, కేబుల్ కారు రెండూ ఉన్నాయి, ఒకే టికెట్. కుర్చీ ఆగదు, కదులుతుండగానే కూర్చోవాలి. వదినగారిని కేబుల్ కారులోనే తీసుకెళ్లండి.

తుమ్మలపెంట:

కండక్టర్ సార్, మీ బస్సులో స్కూలుకి పోయినోణ్ణి నేను. మాది పట్టపుపాలెం. ఆ ఫొటో నేనూ చూశాను. నాకు అర్థం కానిది ఒకటే. నీళ్లలో ఇల్లు ఎట్లా నిలబడుతుంది? మా దగ్గర పడవని ట్రాక్టరు పెట్టి పైకి లాక్కుంటాం, అయినా తుఫానులో నిలవదు. పోటు వస్తే అక్కడ ఇంట్లోకి నీళ్లు రావా?

ఒంగోలు అబ్బాయి:

మంచి ప్రశ్న తమ్ముడూ. రెండు కారణాలు. జపాన్‌కి పడమటి పక్కనున్న సముద్రంలో ఆటుపోట్ల తేడా చాలా తక్కువ, ఇనెలో ఏడాది మొత్తం మీద దాదాపు అర మీటరే. రెండోది, ఆ అఖాతం దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది, వెనక కొండలు, ముఖద్వారంలో అఒషిమా అనే చిన్న దీవి అడ్డంగా ఉంటుంది. చలికాలపు ఉత్తరగాలి, పెద్ద అల లోపలికి రాలేవు. మన తీరం గీత గీసినట్టు ఉంటుంది కదా, అల నేరుగా వచ్చి ఒడ్డు మీదే విరుగుతుంది. మన దగ్గర అలా కట్టడం కుదరదు.

అఖాతం చుట్టూ దాదాపు 230 ఇళ్లు, వాటిని ఫునాయా అంటారు. కింద పడవ, పైన వలలు, సామాన్లు. కుటుంబం ఉండే అసలు ఇల్లు రోడ్డుకి ఇవతల ఉంటుంది. 2005లో జపాన్ ప్రభుత్వం ఆ ఊరి కట్టడాలని కాపాడాల్సిన వారసత్వంగా ప్రకటించింది. అయినా అందులో మనుషులు ఉంటున్నారు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు. తలుపు తీసి ఉందని లోపలికి తొంగిచూడకూడదు.

కావలి కండక్టర్:

వెళ్లొచ్చాం. ఒక్కొక్కరికీ చేతులెత్తి దండం పెట్టాలి.

అయాబెలో బండి విడిపోవడం కిటికీలోంచి చూశాను. మా పెట్టె సరైనదే. పదిన్నరకల్లా అమనొహషిదాతెలో దిగాం. అది 3.6 కిలోమీటర్ల ఇసుక కట్ట. ఒక పక్క మియాజు అఖాతం, ఇంకో పక్క మడుగులాంటి లోపలి సముద్రం, కట్ట పొడుగునా వేల పైన్ చెట్లు. మన పులికాట్‌కీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట ఇసుక ఎలా అడ్డం పడిందో, ఇదీ అలాగే, కాకపోతే చాలా సన్నం. కట్ట మీద కార్లు పోనివ్వరు. మా ఆవిడ నడవగలిగినంత నడుద్దాం అంది. మధ్యలో ఒక బావి ఉంది, ఇసోషిమిజు అంటారు. అటు ఉప్పునీళ్లు, ఇటు ఉప్పునీళ్లు, నడుమ మంచినీళ్లు. ఇప్పుడు తాగనివ్వరు, చేతులు కడుక్కోవచ్చు. మా ఆవిడ పుట్టిల్లు ఇస్కపల్లి దగ్గర. చిన్నప్పుడు సముద్రానికి అల్లంత దూరంలో ఇసుకలో చెలమ తీసి బిందె నింపేవాళ్లు. ఆ బావి దగ్గర చేయి తడుపుకుని చాలాసేపు నిలబడిపోయింది. నేను రమ్మనలేదు.

అక్కణ్నుంచి వెనక్కి వచ్చి పడవ ఎక్కాం. 12 నిమిషాల్లో అవతలి ఒడ్డు. కేబుల్ కారులో పైకి వెళ్లి కట్టని చూశాం. జనం కట్టకి వీపు పెట్టి, వంగి, కాళ్ల సందులోంచి చూస్తున్నారు. అలా చూస్తే కట్ట ఆకాశానికి వేసిన వంతెనలా ఉంటుందట, ఆ పేరుకి అర్థమే అది. నేను వంగాను. నిజంగానే నీళ్లు పైకి పోయి మబ్బులైపోయాయి.

ఇక బస్సు. ఈ సంగతి రాయాలనే కూర్చున్నాను.

చీటీ తీసుకున్నాం. డ్రైవర్ తెల్ల చేతిజోళ్లు వేసుకున్నాడు. మైకులో మెల్లగా ఏదో చెప్పి, అందరూ కూర్చున్నారో లేదో అద్దంలో చూసుకుని, అప్పుడు కదిలించాడు. బోర్డులో మా నంబరు కింద అంకె స్టేజీ స్టేజీకీ పెరుగుతూ పోయి, ఒక చోట ఆగిపోయింది. అల్లుణ్ణి అడిగితే చెప్పాడు. పక్కనున్న క్యోతాంగోలో 2006లో ఎంత దూరమైనా 200 యెన్లు దాటకుండా ఛార్జీకి హద్దు పెట్టారట, తర్వాత చుట్టుపక్కల ఊళ్లకీ ఆ పద్ధతి వచ్చిందట. ఛార్జీ తగ్గించాక ఎక్కేవాళ్లు పెరిగారట. ఖాళీ బస్సు తిప్పే బాధ తెలిసినవాణ్ణి, వింటుంటే కడుపు నిండిపోయింది.

దారిలో ఒక ముసలావిడ దిగాలి. బస్సు పూర్తిగా ఆగేదాకా ఆవిడ సీట్లోంచి లేవలేదు. లేచి, గుడ్డ సంచి చంకన పెట్టుకుని, చిన్న పర్సు తెరిచి నాణేలు ఒక్కొక్కటే డబ్బాలో వేసింది. ఒకటి కింద పడితే వంగి తీసుకుంది. డ్రైవర్ చూస్తూ కూర్చున్నాడు. వెనకాల ఒక్కరు నోరెత్తలేదు. నా సర్వీసులో ఎంతమంది ముసలివాళ్లని "తొందరగా దిగమ్మా, రైట్ రైట్" అని ఫుట్‌బోర్డు మీంచి దింపానో గుర్తొచ్చింది. టైము అందుకోవాలన్న టెన్షన్ మాకు అలా ఉండేది. బస్సు ఆగాకే లేవడం అనే ఒక్క అలవాటు మన దగ్గర వస్తే ఎన్ని నడుములు విరగకుండా ఉంటాయో.

చిల్లర విషయంలో మాత్రం పొరపాటు జరిగింది. నాణేలన్నీ పడవకీ కేబుల్ కారుకీ అయిపోయాయి, జేబులో పదివేల నోటొకటే మిగిలింది. మన దగ్గరైతే టికెట్ వెనక రాసిచ్చేవాణ్ణి. ఇక్కడ ఆ వీల్లేదు. మా ఆవిడ పర్సులో వెయ్యి నోటొకటి ఉండబట్టి బయటపడ్డాం.

ఇనె గురించి ఏం చెప్పను! పొద్దున ఆరింటికి లేచి చూస్తే నీళ్లు కదలడం లేదు. గద్దలు తిరుగుతున్నాయి. ఎక్కడో మోటారు చప్పుడు.

తుమ్మలపెంట అబ్బాయ్, ఇది నీ కోసం చూసొచ్చాను. ఆ ఇళ్ల కింద నేల వాలుగా నీళ్లలోకి దిగుతుంది, చెక్క పడవల్ని దాని మీద పైకి లాక్కునేవాళ్లు. ఇప్పుడు వాడేవి ఫైబర్ పడవలు, చాలావాటికి లోపల చోటు చాలదు, బయటే కట్టేశారు. ఒక పెద్దాయన ఇంటి ముందు నీళ్లలోంచి తాడు లాగాడు. వలతో అల్లిన పంజరం లాంటిది పైకొచ్చింది. మొందొరి అంటారట. చేప తలలు, పేగులు ఎరగా వేసి రాత్రి దించి ఉంచుతారు. అందులో జానెడు చేపలు రెండు, వేలెడంతది ఒకటి. చిన్నదాన్ని నీళ్లలోకి వదిలేశాడు. మేం రోడ్డు మీంచే చూశాం, లోపలికి పోలేదు.

అది చూస్తూ నిలబడే బస్సు పోగొట్టుకున్నాం. ఒంగోలు అబ్బాయి చెప్పినట్టు ఒక బస్సు ముందుగానే పెట్టుకున్నాం కాబట్టి రైలు తప్పలేదు. గంటసేపు స్తంభం పక్కన కూర్చున్నాం. మా ఆవిడ డబ్బా తీసి మిగిలిన పులిహోర పెట్టింది. పెద్దాయన ఆ రెండు చేపలూ బకెట్లో పెట్టుకుని రోడ్డు దాటి అవతలి ఇంట్లోకి వెళ్లాడు. కాసేపటికి వట్టి బకెట్ తెచ్చి గోడకి బోర్లించి, మా వైపు చూసి తల వంచాడు. మేమూ లేచి తల వంచాం. అప్పుడే బస్సొచ్చింది.