మొదటి క్రాస్‌బో: రికర్వా, కాంపౌండా, లేక మామూలు విల్లేనా?

నున్న తోట:
అందరికీ నమస్తే. ఉండేది విజయవాడ భవానీపురం. మావయ్య వాళ్లకి నున్న దగ్గర మామిడితోట ఉంది. ఆదివారాలు అక్కడ గురి చూసి కొట్టడం నేర్చుకుందామని సరదా పుట్టింది. క్రాస్‌బో (తుపాకీలా ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే అడ్డవిల్లు) ఇంతవరకు చేత్తో పట్టుకోలేదు. మూడు చూసి పెట్టుకున్నా (పౌండ్లంటే తాడు లాగడానికి పట్టే బలం): 80 పౌండ్ల పిస్టల్ క్రాస్‌బో, అంటే పిస్తోలులా పట్టుకునే చిన్నది; 150 పౌండ్ల రికర్వ్, అంటే కొసలు ముందుకి వంగినది, కప్పీలుండవు; 185 పౌండ్ల కాంపౌండ్, అంటే కప్పీలున్నది. మా ఆఫీసులో ఒకాయన "కొంటే పెద్దదే కొనెయ్, రెండోసారి డబ్బులు తగలెయ్యక్కర్లేదు" అంటున్నాడు. నిజమేనా?

ఆటోనగర్ అన్న:
ఆయన మాట వినకు తమ్ముడూ. కొన్నరోజు సంగతి కాదు, స్ట్రింగ్ (వింటితాడు) అరిగిన రోజు సంగతి ఆలోచించు. కాంపౌండ్‌కి కప్పీలు, కేబుళ్లు ఉంటాయి. లింబుల్ని (వంగే రెండు విల్లు రెక్కల్ని) బో ప్రెస్ అనే బిగింపు యంత్రంలో బిగించి వంచితే గానీ స్ట్రింగ్ ఊడి రాదు. ఆ ప్రెస్ మన ఊళ్లో నీకెవరు చూపిస్తారు? రికర్వ్ అయితే స్ట్రింగర్ అనే సాయం తాడు తగిలించి ఇంట్లో కూర్చుని మార్చుకోవచ్చు. ఇంకోటి, మన మే నెల ఎండల్లో కారు డిక్కీలో పడేశావంటే లింబు పొరలు విడిపోతాయి, స్ట్రింగ్ సాగుతుంది. పిస్టల్ క్రాస్‌బో అయితే అసలు లెక్కలోకే తీసుకోకు. బొమ్మలాగా అమ్ముతారు, కన్ను పోగొట్టేంత పని చేస్తుంది, గురి మాత్రం కుదిరి చావదు.

కానూరు కాంపౌండ్:
అన్నా, ప్రతిదానికీ భయపెడితే ఎలా? 185 పౌండ్లని ఉత్త చేతుల్తో ఎవరూ లాగరు. రోప్ కాకర్ (స్ట్రింగ్‌కి తగిలించి లాగే కొక్కేల తాడు) వేస్తే పడే బరువు సగమే. పైగా స్ట్రింగ్ రెండు పక్కలా సమానంగా వస్తుంది. చేత్తో లాగితే అర అంగుళం అటో ఇటో జరిగి, బోల్ట్ (క్రాస్‌బో బాణం) రోజుకో పక్కకి పోతుంది. స్ట్రింగ్‌కి వేళకి మైనం రాసుకుంటే తొందరగా అరగదు కూడా. అలవాటయ్యాక చిన్నది బోరు కొడుతుంది, నన్నడిగితే పెద్దదే.

లెక్కల మాస్టారు, గుంటూరు:
పౌండ్లు చూసి పోల్చడం దగ్గరే అందరూ పప్పులో కాలేస్తున్నారు. బాణానికి అందే శక్తి లాగే బలం ఒక్కదాంతో తేలదు, ఆ బలం ఎంత దూరం తోస్తుందన్నది కూడా చూడాలి. 50 పౌండ్ల మామూలు విల్లులో స్ట్రింగ్ బాణాన్ని సుమారు 20 అంగుళాలు తోస్తుంది. 150 పౌండ్ల రికర్వ్ క్రాస్‌బోలో ఆ దూరం 10 అంగుళాలనుకోండి. 50ని 20తో, 150ని 10తో గుణిస్తే 1000, 1500. మూడింతలనుకున్నది ఒకటిన్నర రెట్లకి దిగింది.

కాంపౌండ్‌లో కప్పీల వల్ల లాగినంత మేరా బలం నిండుగా ఉంటుంది కాబట్టి అవే పౌండ్లకి ఎక్కువ శక్తి దాచుకుంటుంది. సెకనుకి 300 అడుగులు దాటేవి మామూలే. అంటే 91 మీటర్లు. 20 మీటర్ల దూరంలో ఉన్న టార్గెట్‌ని పావు సెకను లోపే చేరుతుంది. మధ్యలోకి మేకపిల్ల వచ్చినా మీరు చెయ్యగలిగేది ఏమీ లేదు. అందుకే నా ప్రశ్న వేరే: తోటలో టార్గెట్ వెనకాల ఏముంది?

నున్న తోట:
మాస్టారూ, ఒక పక్క కాలువ గట్టు ఉంది, మనిషెత్తు కన్నా ఎక్కువే. ఇంకోపక్క డొంక, బళ్లు తిరుగుతాయి.

యార్డు రోడ్డు:
మాది గుంటూరు. మా ఊళ్లో మొక్కజొన్నని పందులు తొక్కేస్తున్నాయి. ఈ కాంపౌండ్ దానికి పనికొస్తుందా?

లెక్కల మాస్టారు, గుంటూరు:
ఆ ఆలోచన ఇక్కడే వదిలెయ్యండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధాల కింద విల్లంబుల్ని కూడా చేర్చారు. పంట పోతోందన్నా సరే, అటవీ అధికారి అనుమతి లేకుండా అడవిపంది మీద వేస్తే కేసే. నున్న బాబూ, నీకూ ఒక మాట. "లైసెన్స్ అక్కర్లేదండీ" అని అమ్మేవాడు చెబితే సరిపోదు. కొనకముందే పోలీస్ స్టేషన్‌లో అడుగు, విదేశం నుంచి తెప్పించే పనైతే కస్టమ్స్ సంగతి కూడా కనుక్కో.

గ్రౌండ్ బ్యాచ్:
బెజవాడలో ఉండి క్రాస్‌బో ఏంటి బ్రో? 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు స్వర్ణాలు కొట్టిన జ్యోతి సురేఖది మన ఊరు. పారిస్ 2024లో ఆడిన ధీరజ్ బొమ్మదేవరది మన ఊరు. నేర్పేవాళ్లు, గ్రౌండు, తోటి ఆటగాళ్లు అన్నీ విల్లుకే ఉన్నాయి. కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లోకి కూడా వచ్చేసింది. క్రాస్‌బోకి అక్కడ చోటే లేదు. డబ్బులు తక్కువైతే ఇండియన్ రౌండ్ అనే పోటీలో వాడే వెదురు విల్లుతో మొదలుపెట్టు, 30, 50 మీటర్లు వేస్తారు, జాతీయ పోటీల్లో కూడా ఉంది.

కానూరు కాంపౌండ్:
ఆయన ఒలింపిక్స్‌కి వెళ్తానన్నాడా? ఆదివారం సరదా అన్నాడు. క్రాస్‌బోకీ అంతర్జాతీయ సంఘం ఉంది, 10, 30 మీటర్ల మ్యాచ్‌లు జరుగుతాయి. అందరూ ఒకే ఆట ఆడాలని రూలేమైనా ఉందా? విల్లు నిలకడగా లాగి పట్టుకోవడానికే నెలలు పడుతుంది. భుజం నొప్పి ఉన్నవాడికి క్రాస్‌బోనే హాయి.

గ్రౌండ్ బ్యాచ్:
భుజం మాట ఒప్పుకుంటా. కానీ ఒంటరిగా తోటలో నేర్చుకునేవాడికి తప్పు చేస్తున్నావని చెప్పే మనిషి ఉండడు. గ్రౌండ్‌లో అయితే బాణాలు ఏరుకోవడానికి కూడా విజిల్ పడాల్సిందే. ఆ క్రమశిక్షణ పార్సిల్లో రాదు.

ఆటోనగర్ అన్న:
ఈ మాటకి నా ఓటు. అయినా కొనేవాడు కొంటాడు కాబట్టి చెప్పేవి చెబుతా. ముందుచెయ్యి బొటనవేలు రైలు (బోల్ట్ పెట్టే గాడి) పైకి రాకూడదు. స్ట్రింగ్ ఆ గాడి మీదుగానే దూసుకొస్తుంది, వేలు అక్కడుంటే చీల్చేస్తుంది. ఎడమచేత్తో పట్టుకునే చోట వేలికి అడ్డుగా రెక్క ఉన్న మోడల్ చూసుకో. బోల్ట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కొద్దు. బోల్ట్ మోసుకెళ్లాల్సిన శక్తంతా తిరిగి లింబుల మీదే పడుతుంది, ఒక్కసారికే పగలొచ్చు. కంపెనీ చెప్పినదాని కన్నా తేలిక బోల్ట్ వేసినా ఇంచుమించు అదే దెబ్బ. బోల్ట్ వెనక నాక్ (స్ట్రింగ్ తగిలే కొస) చదునుగా ఉందా, అర్ధచంద్రాకారమా అన్నది కూడా కంపెనీ చెప్పినట్టే ఉండాలి. తప్పుది పెడితే స్ట్రింగ్ బోల్ట్ పైనుంచి జారిపోతుంది. ఎక్కుపెట్టాక వెయ్యబుద్ధి కాకపోతే చేత్తో దింపకు, పాత బోల్ట్ ఒకటి పెట్టి టార్గెట్‌లోకి వదిలెయ్.

టార్గెట్‌కి వరిగడ్డి మోపు కట్టావనుకో, అవతలికి దూసుకుపోతుంది. గుంటూరు యార్డులో పాత మిర్చి టిక్కీ గోనెలు దొరుకుతాయి, దులిపి తెచ్చుకో (దులిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో). లోపల పాత చీరలు, లుంగీలు ఖాళీ లేకుండా కుక్కు. గట్టుకి ఆనించి పెట్టి, మొదట 10 మీటర్ల నుంచి వెయ్.

నున్న తోట:
185 తీసేశా, పిస్టల్‌దీ తీసేశా. స్టేషన్‌లో అడిగాకే 150 రికర్వ్ సంగతి. ఈలోగా గ్రౌండ్‌కి ఒకసారి వెళ్లి చూస్తా. ఒక డౌట్: మామిడికాయలు కోసేటప్పుడు తోట నిండా కూలీలుంటారు. గట్టు పక్క అయితే పర్వాలేదు కదా?

లెక్కల మాస్టారు, గుంటూరు:
కోతలున్నన్నాళ్లూ క్రాస్‌బో బయటికి తియ్యకు. గట్టు పక్కన కూడా వద్దు. కూలీలు నీడ కోసం కూర్చునేది ఆ గట్టు మీదే.