మోనో ఇయెబా... పెదవి ఎవరిది?

— పెదవులు, చలి, శరత్కాలపు గాలి... జపాన్ కవి బషో రాసిన హైకూ, అంటే మూడు పాదాల చిన్న కవిత, అని గుర్తు. మొదటి పాదం "మోనో ఇయెబా"నా, "మోనో ఇవాబా"నా? ఒసాకా బృందంతో సమావేశం ముగిశాక అక్కడి పెద్దాయన గాలి ఊసు లేకుండా మొదటి రెండు పాదాలే అని ఊరుకున్నారు. అంతకు ముందే ఆ గడువు కుదరదని నేను గట్టిగా చెప్పాను. నన్ను మందలించారా, తానే నోరు విప్పలేకపోయానని చెప్పుకున్నారా?

— ఇయెబానే. "మోనో ఇయెబా / కుచిబిరు సముషి / అకి నో కజె": మాట్లాడితే / పెదవులకు చలి / శరత్కాలపు గాలి. గాలిని వదిలేసి సామెతగా వాడటం అక్కడ మామూలే. ఇవాబా అయితే ఇంకా అనని మాట, ఉత్త ఊహ. ఇయెబా అంటే మాట బయటికి వచ్చేసింది. కాబట్టి మీరు అనేసిన దాని గురించే.

— తొందర వద్దు మాస్టారూ. అది 17వ శతాబ్దపు వ్యాకరణం. నేటి జపనీయుల చెవికి ఇయెబా కూడా షరతే. మన "మాట్లాడితే" మాత్రం? "రేపు మాట్లాడితే" అంటాం, "నిన్న మాట్లాడితే కోప్పడ్డారు" అనీ అంటాం.

— పాత వ్యాకరణంలోనే ఇయెబా చివరి ఆ "బా"కు "అన్నప్పుడల్లా" అనే అర్థమూ ఉంది. సామెత అయింది ఆ దారినే. నాకు మాత్రం అది ఒక్క క్షణం: నోరు తెరిచాడు, గాలి తగిలింది. 1694లో ఒసాకాలో జబ్బుపడి, నా కలలు ఎండిన బీళ్లలో తిరుగుతున్నాయన్న కవి నీతులు చెబుతాడా?

— చెప్పాడు. ఈ హైకూకు ముందు "పరుల లోపాలు ఎంచకు, నీ గొప్పలు చెప్పుకోకు" అన్న చైనా హితవు ఉంది. దాన్ని తుడిచేసి చదవడం అన్యాయం.

— హితవు ఉండనివ్వండి, "సముషి" చివరి "షి"ని చూడండి. "సముకి" అని ఉంటే చలి తర్వాతి పాదానికి అంటుకునేది. "సముషి" అనడంతో వాక్యం పెదవి దగ్గరే ఆగింది.

— జపనీయులు మౌనప్రియులని ఈ హైకూనే సాక్ష్యం తెస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఫోనులో వాళ్లు మాటమాటకీ "హై, హై" (అవును, అవును) అంటూనే ఉంటారు. ఐజుచి అనే ఆ ఊకొట్టడానికి "వింటున్నాను" అనే అర్థం, "ఒప్పుకున్నాను" అని కాదు. కాదనదలచుకుంటే సమావేశానికి ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి దారి చేసుకుంటారు, నెమవషి అంటే అదే. మీ గడువు గురించి ముందుగా ఎవరితోనైనా మాట్లాడారా అమ్మా?

— లేదండీ. కానీ ఆయన తన బృందం వైపు చూస్తూ అన్నారు.

— అయితే వాళ్లనే అన్నారు.

— లేదా తననే. కర్త లేని వాక్యం కదా. పాత కొలనులో కప్ప దూకిన చప్పుడు గురించిన బషో హైకూలో దూకింది ఒక కప్పో, నాలుగో కూడా తేలదు.

— ఒకటే. చప్పుడు ఒక్కటే ఉంది.

— "ఒక్కటే" అని ఏ అక్షరంలో ఉంది మాస్టారూ? జపనీస్ నామవాచకానికి బహువచనం తప్పనిసరి కాదు.